ముట్టుకోని మొక్కు

నర్సీపట్నంలో బుల్లిబాబు మొహం తెలియనివాళ్ళు ఉంటారేమో గాని గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆటో మీద రెండు మైకు గొట్టాలు కట్టుకుని తిరిగేవాడు. ఇటు రావికమతం నుంచి అటు ఎస్. రాయవరం దాకా చీరల షాపు తగ్గింపులూ, అమ్మవారి జాతరలూ, తప్పిపోయిన గేదెలూ ఆయన నోటి మీదుగానే జనానికి చేరేవి. చేతివాటం ఉన్నవాణ్ణి దొంగ అంటారు, నోటివాటం ఉన్నవాణ్ణి అనౌన్సరంటారు అన్నది ఆయన సిద్ధాంతం. ఎవరైనా సాయంత్రం మందుకు పిలిస్తే, మైకు పట్టినోడికి వేరే మైకమెందుకని తప్పుకునేవాడు. యాభై దాటినా ఆ నోటికి బ్రేకు పడలేదు. ఆటోకి మాత్రం అప్పుడప్పుడూ పడేది.

ఆయనకో అలవాటుంది. పొద్దున్నే ఆంప్లిఫయర్ స్విచ్చి వేసే ముందు దాన్ని వేలి కొసతో తాకి, ఆ వేలు కళ్ళకద్దుకుంటాడు. మైకుకీ అంతే, ఆటో హ్యాండిలుకీ అంతే. మంగలి షాపులో కూర్చుంటే కత్తెరకీ, టైలరు దగ్గర నిలబడితే మిషనుకీ కూడా అంతే. ఎవరి సామాన్లైనా సరే, పని మొదలయ్యేచోట ఉంటే ఆయన వేలు ఆగదు. అదేమిటని అడిగితే, “పనిముట్టని పేరెందుకెట్టేరు? పనికి ముందు ముట్టమని” అనేవాడు. టైలరు నవ్వేవాడు, మంగలి నవ్వేవాడు. ఈ ముట్టుడు ఆయన ప్రాణం మీదకు వస్తుందని ఎవరూ అనుకోలేదు, ఆయన అసలే అనుకోలేదు.

స్పీకరు బాక్సులు ఎత్తి ఎత్తి కుడి గజ్జలో ఒక బుడిపె లేచింది. పడుకుంటే లోపలికి పోయేది, దగ్గితే బయటికొచ్చేది. హెర్నియా అన్నారు డాక్టరు గణేశ్వరరావు గారు. కోసి, లోపల వలలాంటి మెష్ పెట్టి కుట్టేస్తే సరిపోతుందన్నారు. మెష్ మాట ఎత్తగానే బుల్లిబాబు మీనమేషాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. జాతరల సీజనన్నాడు, ఎలక్షన్లన్నాడు, ఎండలన్నాడు. కోతకి భయపడి ఇన్ని కూతలు కూస్తున్నాడని భార్య సత్యలక్ష్మికి తెలుసు. ఈ మాట విరుపు కూడా ఆమెకు ఆయన్నుంచి అబ్బిందే.

భయానికి కారణం కూడా ఆమెకు తెలుసు. బుల్లిబాబు అన్న గంగులు కాలు విరిగి, ఎక్కడో దూరప్రాంతంలో పనికెళ్ళినచోట ఆపరేషన్ చేయించుకున్నాడు. ఎముక అతికింది గాని లోపల చీము పట్టింది. విప్పారు, కడిగారు, మళ్ళీ కుట్టారు. చివరికి మోకాలి పై దాకా తీసేశారు. ఆ గది వాసన బుల్లిబాబు ముక్కులో ఇప్పటికీ ఉంది. “సీమూ నెత్తురూ ఉన్న వంశం మాది. నాకు నెత్తురు సాలు, సీమొద్దు” అని నలుగురిలో నవ్విస్తాడు. ఇంట్లో ఆ మాట అన్నప్పుడు మాత్రం నవ్వడు. పైగా ఆయనకు షుగరు. షుగరున్నవాడికి చీము చుట్టం లాంటిది, పిలవకపోయినా వస్తుంది, వస్తే పోదు.

ఒకరోజు బుడిపె బయటికొచ్చి లోపలికి పోనంది. కళ్ళు బైర్లు కమ్మాయి. గణేశ్వరరావు గారు ఎలాగో దాన్ని లోపలికి నెట్టి, ఈసారి ఇరుక్కుంటే పేగు కుళ్ళిపోతుందని చెప్పారు. ఇక లెక్కపెట్టడానికి మీనమూ లేదు, మేషమూ లేదు. షుగరు తగ్గలేదని రెండుసార్లు వాయిదా పడి, మూడోసారి తేదీ నిలబడింది.

చింతపల్లి వెళ్ళే రోడ్డులో చిన్న నర్సింగ్ హోమ్ అది. ఆ ఉదయం బుల్లిబాబు ఖాళీ కడుపుతో కూర్చుని, ఆపరేషన్ అంటే ఆపు రేషనని తనలో తనే అనుకున్నాడు గాని పక్కమంచం వాళ్ళకి చెప్పే ఓపిక లేదు. మొలతాడు, తాయెత్తు, ఉంగరం సత్యలక్ష్మి ఒక్కొక్కటే విప్పి కొంగున కట్టుకుంది.

“మీ అన్నకి పట్టినట్టు సీము పడితే ఏటి సేస్తాం మావా” అంది చాలా మెల్లగా.

ఆయన ఆమె కొంగు ముడి ఇంకాస్త బిగించాడు.

థియేటరు తలుపు దగ్గర నేల మీద ఎర్ర గీత ఉంది. చక్రాల మంచం గీత ఇవతల ఆగింది. అవతలి నుంచి ఇంకో మంచం వచ్చింది. ఆయన్ని ఇందులోంచి అందులోకి మార్చారు. బయటి చక్రాలు బయటే, లోపలి చక్రాలు లోపలే. థియేటరు నర్సు చిట్టితల్లి కొయ్యూరు అవతల కొండ ఊరి మనిషి. తలకు టోపీ, మూతికి గుడ్డ ఉండడంతో ఆమె కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. ఆ కళ్ళు ఎవరివైపూ ఎక్కువసేపు చూడవు, సామాన్ల వైపే చూస్తాయి. ఆమె ఒక్కొక్క పొట్లం తీసి, మీద అంటించిన టేపుని లైటు కింద పెట్టి చూస్తోంది. టేపు మీద గీతలు నల్లబడితేనే లోపలి సామాను ఆవిరిలో సరిగ్గా ఉడికినట్టట. ఎందులో ఉడుకుతుందని అడిగితే ఆటోక్లేవులో అంది.

ఆటో అనగానే బుల్లిబాబుకి ప్రాణం లేచొచ్చింది. తన ఆటో ఎక్కితే సరుకు అమ్ముడుపోతుంది, ఈ ఆటో ఎక్కితే సూక్ష్మజీవి పోతుందన్నమాట. ఆ మాట పైకి అనేశాడు. చిట్టితల్లి కళ్ళు కొంచెం ముడుచుకున్నాయి. గుడ్డ వెనక నవ్వుంటుందని సరిపెట్టుకున్నాడు.

మత్తు డాక్టరు రాచెల్ గారు వచ్చి పలకరించారు. ఆవిడ ఎవరో బుల్లిబాబుకి ముందే తెలుసు. మిషన్ చర్చి నర్సు దయావతమ్మ గారి మనవరాలు. బుల్లిబాబుని ఈ లోకంలోకి లాగింది ఆ దయావతమ్మ గారి చేతులే. అప్పుడు ఇంట్లో నాయనమ్మ రాజ్యం. నాయనమ్మది మడి. తడి చీర కట్టుకుని వంటింట్లోకి వెళ్ళిందంటే పిల్లల నీడ పడినా ఆవిడ కేక రావికమతం దాకా వినబడేది. తన కోడలికి పురుడు పోసి వాకిట్లో నిలబడ్డ నర్సమ్మకు, చేతులు కడుక్కోవడానికి చెంబు తగలకుండా ఎత్తు మీంచి నీళ్ళు పోసిందట ఆ నాయనమ్మ. అమ్మ ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది. అప్పట్లో బుల్లిబాబుకి ఎందుకో అర్థమయ్యేది కాదు.

గొంతులో గొట్టం వేసే మత్తు వద్దు, గొంతు పోతే తనూ పోయినట్టేనని ఆయన ముందే బతిమాలుకున్నాడు. నడుములో సూది వేసి కింది సగం మాత్రమే మొద్దుబరుస్తానని రాచెల్ గారు ఒప్పుకున్నారు. అయినా గొంతు గొట్టాల మెషీను పక్కనే సిద్ధంగా ఉంది. దానికి కొత్త గొట్టం, కొత్త ఫిల్టరు అప్పుడే కవరు చింపి తగిలించారు. వాడకపోవచ్చు, అయినా ముందు మనిషి ఊపిరి తగిలిన గొట్టం ఈ మనిషి పక్కన ఉండకూడదట.

చేతికి పెట్టిన సెలైన్ సూదిలోకి మందు ఎక్కించే ముందు ఆవిడ దాని మూతిని స్పిరిట్ దూదితో గట్టిగా రుద్దారు. మందు ఎక్కించారు. కాసేపటికి ఇంకో మందు తీసుకొచ్చి మళ్ళీ రుద్దారు.

“ఇందాక తుడిసినారు కదండీ” అన్నాడు బుల్లిబాబు.

“అది ఇందాకటికండీ” అన్నారు ఆవిడ.

ముప్పై ఏళ్ళుగా ఊరంతా అరిచి చెప్పినా ఇంత చిన్న మాటలో ఇంత పెద్ద సంగతి తనెప్పుడూ చెప్పలేదనిపించింది ఆయనకి. ఇందాకటి శుభ్రం ఇందాకే అయిపోయింది. ఇప్పటి శుభ్రం ఇప్పుడే చెయ్యాలి.

ఆయన్ని బల్ల అంచున కూర్చోబెట్టారు. అద్దం అవతల రాచెల్ గారు చేతులు కడుగుతున్నారు. వేళ్ళు, గోళ్ళ సందులు, అరచెయ్యి, మణికట్టు, మోచెయ్యి. పక్కవాళ్ళ చేతుల్ని నమ్మనివాళ్ళని చూశాడు గాని, తన చేతుల్ని తనే ఇంతసేపు నమ్మని మనిషిని చూడలేదు. కుళాయి మోచేత్తో కట్టి, రెండు చేతులూ మొహం ముందుకెత్తి, నీళ్ళు మోచేతుల మీంచి కారుతుంటే వీపుతో తలుపు నెట్టుకుని లోపలికొచ్చారు. చిట్టితల్లి పొట్లం విప్పి పట్టుకుంటే, ఆ లోపలిది ఆవిడ తీసుకున్నారు. పొట్లం బయటివైపు చిట్టితల్లిది, లోపలివైపు ఆవిడది. ఇద్దరి చేతులూ అంగుళం దూరంలో తిరిగాయి గాని తగల్లేదు. గౌను, గ్లవ్సు తొడుక్కుని, చక్రాల బల్ల మీద పచ్చగుడ్డ పరిచి సూదీ, సిరంజీ, చిన్న స్టీలు గిన్నే సర్దుకున్నారు.

బుల్లిబాబుకి నాయనమ్మ గుర్తొచ్చింది. మడి, సందేహం లేదు, ఇది మడే. కాకపోతే ఆ మడి మనుషుల్నుంచి తనను కాపాడుకునేది. ఈవిడ తన నుంచి బుల్లిబాబుని కాపాడుతున్నారు.

ఆవిడ వెనక్కెళ్ళి వీపుకి మందు పూయడం మొదలుపెట్టారు. చల్లగా ఉంది. ముందుకు వంగి కూర్చోవడానికి దిండు తెస్తానని చిట్టితల్లి అటు తిరిగింది. కుడివైపు, చెయ్యి చాపితే అందేంత దూరంలో, పచ్చగుడ్డ మీద ఆ సామాన్లు లైటు వెలుగులో మెరుస్తున్నాయి. పని మొదలవబోతోంది. ఎవరూ వాటికి మొక్కలేదు. భక్తి, భయం రెండూ ఒక్కసారి పొంగాయి. వేలు దానంతటదే వెళ్ళి స్టీలు గిన్నె అంచుని తాకింది. కళ్ళకద్దుకుంది.

చిట్టితల్లి దిండుతో ఇటు తిరిగింది. ఆమె కళ్ళు సామాన్ల మీదికి వెళ్ళి, ఆయన వేలి మీదికి వచ్చాయి.

“బావుగారూ, అది ముట్టుకున్నారేటి?”

“నేనా? నేను ముట్టుకోనేదమ్మా” అన్నాడు బుల్లిబాబు.

అబద్ధం ఎందుకు ఆడాడో ఆయనకే తెలీదు. మళ్ళీ వాయిదా వేస్తారని భయం. గొంతులో గొట్టం వేస్తారని భయం. వీపు వెనక నిలబడ్డ దయావతమ్మ గారి మనవరాలి ముందు చిన్నబోతానని సిగ్గు. నోటివాటం కదా, ముందు నోరే వచ్చింది. అనేశాక, ఆ గిన్నె పక్కనున్న సూదే తన వెన్నులోకి వెళ్తుందని తట్టింది. అన్న గది వాసన గుప్పున వచ్చింది. వెన్నులో చీము పడితే తియ్యడానికి కాలు కాదది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.

“నాకలాగనిపించిందండీ మేడం. సరిగ్గా సూడ్లేదు” అంది చిట్టితల్లి.

ఇప్పుడు పంచాయితీ నడుస్తుందనుకున్నాడు. నువ్వు చూశావా, మీరు ముట్టారా, ఒట్టెయ్యండి, సాక్ష్యమేది. ఊళ్ళో ఆయన చూసిన ప్రతి తగువూ అలాగే నడిచింది.

“ముట్టారో లేదో తేల్చక్కర్లేదు సిస్టర్. అనుమానం వచ్చింది కదా, తీసెయ్యండి” అన్నారు రాచెల్ గారు. మామూలు గొంతే. కోపం లేదు, విసుగు లేదు.

అంతే. పచ్చగుడ్డని నాలుగు మూలలా పట్టి సూదీ సిరంజీ గిన్నే అన్నీ మూటగట్టి తీసేశారు. తీసిన మందు పారబోశారు. రాచెల్ గారు మళ్ళీ ఆ గిన్నెని ముట్టలేదు, అయినా గ్లవ్సు తీసేశారు, గౌను విప్పేశారు. అద్దం అవతల కుళాయి మళ్ళీ తిరిగింది.

ఆ నీళ్ళ చప్పుడు వింటూ బుల్లిబాబు కూర్చున్నాడు. ఒక్క వేలు. ఒక్క క్షణం. అది కూడా చూశారో లేదో తెలియని క్షణం. దానికోసం ఇంత పనీ మొదటి నుంచి మళ్ళీ జరుగుతోంది. వేళ్ళు, గోళ్ళ సందులు, అరచెయ్యి, మణికట్టు. ఏ ఒక్కటీ ఈసారి కొంచెం త్వరగా కాలేదు. రెండోసారి కదా అని ఎక్కడా తగ్గలేదు. కొండ మీద గుడి మెట్లెక్కేవాళ్ళని, నిప్పుల గుండం తొక్కేవాళ్ళని ఎందరినో తన మైకులో పొగిడాడు. ఇలాంటి దీక్షని పొగడమంటే ఏ మాట వాడాలో ఆయనకు తెలియలేదు. తన వేలిని చూసుకున్నాడు. ఆ వేలు మీద కంటికి కనబడనివి ఎన్ని ఉన్నాయో, వాటికి ఇంతమంది ఇలా భయపడుతున్నారు. కాదు, భయపడటం లేదు. లెక్క చేస్తున్నారు. కనబడని దేవుణ్ణి నమ్మేవాళ్ళని చూశాడు గాని, కనబడని శత్రువుని ఇంత నమ్మకంగా ఎదుర్కొనేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నాడు. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

రాచెల్ గారు మళ్ళీ చేతులెత్తుకుని వచ్చారు. కొత్త పొట్లం, టేపు మీద నల్ల గీతలు, కొత్త గౌను.

“డాక్టరమ్మగారూ” అన్నాడు. మైకు గొట్టంలోంచి ఊరు దద్దరిల్లే గొంతు చీమ మాట్లాడినట్టు వచ్చింది. “ముట్టుకున్నానండి. కళ్ళకద్దుకున్నాను. మొక్కుదామని. అబద్ధం సెప్పీసినాను.”

చిట్టితల్లి తల ఎత్తింది. రాచెల్ గారు గ్లవ్సు వేళ్ళు సరిచేసుకుంటున్నారు.

“పర్వాలేదండీ. ముట్టుకోకపోయినా మార్చేదాన్నే.”

“ఒక్క మాటైనా తిట్టకపోతే ఎలాగండీ.”

“తిడితే రేపు ఇంకెవరూ చెప్పరు బుల్లిబాబు గారూ. ఇవాళ సిస్టర్ చెప్పింది, అదృష్టం” అని, చిట్టితల్లి వైపు చూసి, “థాంక్స్ సిస్టర్” అన్నారు ఆవిడ. తర్వాత వీపు మీద మందు పూయడం మొదలుపెట్టారు. మళ్ళీ చల్లగా.

ఎండేదాకా ఆగారు. సూది గుచ్చింది కూడా సరిగ్గా తెలియలేదు. కాళ్ళు బరువెక్కి, వెచ్చబడి, తరవాత తనవి కాకుండా పోయాయి. గణేశ్వరరావు గారు చేతులెత్తుకుని లోపలికొచ్చి, ఆలస్యమైందే అన్నారు. ట్రే మార్చామన్నారు రాచెల్ గారు. ఆయన ఊఁ అన్నారు. ఎందుకని అడగలేదు. ఎవరి వల్లని అడగలేదు. పేర్లు చదివి బతికే బుల్లిబాబు తన పేరు వినబడుతుందని చెవులు రిక్కించి ఎదురుచూశాడు. వినబడలేదు. గుడ్డ తెర అవతల కత్తెర చప్పుడు మొదలైంది.

మధ్యలో ఒకచోట అంతా ఆగింది. ఏమైందని గాభరాపడి రాచెల్ గారి కళ్ళలోకి చూశాడు. మెష్ పెట్టబోతున్నారని, దాన్ని పట్టుకోవడానికి డాక్టరు గారు గ్లవ్సు మారుస్తున్నారని ఆవిడ చెప్పారు. ఇందాకటి గ్లవ్సు ఇందాకటికి. మెష్ మీద, మేషం మీద, మీనం మీద ఆయన దగ్గర సిద్ధంగా జోకులున్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. పెళ్ళిలో తాళి కట్టే క్షణంలో మైకు తనంతట తనే ఆపేస్తాడు. అలాగే ఆపేశాడు.

తరవాతి వారమంతా సత్యలక్ష్మి కుట్టు వైపు చూడలేదు, ఆయన మొహం వైపే చూసింది. జ్వరం వస్తుందేమోనని నుదుటి మీద చెయ్యి వేస్తూనే ఉంది. అయితే వేసే ముందు చెయ్యి కడుక్కునేది. ఎందుకే అంటే, నువ్వే కదా సెప్పావు అనేది. ఆసుపత్రిలో జరిగింది ఆమెకు తప్ప ఎవరికీ చెప్పలేదు. గంగులు కర్ర పొడుచుకుంటూ వచ్చి మంచం పక్కన కూర్చుని, ఏమీ అడగకుండా గాలి పీల్చాడు. ఇంకోసారి పీల్చాడు. వాసన లేదురా అని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

కుట్లు విప్పే రోజు వచ్చింది. గణేశ్వరరావు గారు కట్టు తీశారు. సత్యలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు గారు వంగి చూసి, చుట్టూ వేలితో నొక్కి, ఒక్క మాట అన్నారు.

“పొడిగా ఉంది.”

సత్యలక్ష్మి కొంగు నోటి మీంచి తీసింది. కొంగున ముడి వేసుకున్న మొలతాడు విప్పి ఆయన చేతిలో పెట్టింది. ఏ దేవుడికి కొబ్బరికాయ కొట్టాలో ఎంతమందికి మొక్కుకున్నానో మరిచిపోయానని, బేగి ఇంటికెళ్ళి లెక్క చూసుకోవాలని అంది.

బయటికి వెళ్ళే ముందు బుల్లిబాబు మెట్ల పక్కనున్న థియేటరు వైపు నడిచాడు. నొప్పి ఇంకా కొంచెం లాగుతోంది. తలుపు సగం తెరిచి ఉంది. లోపల ఎవరిదో ఆపరేషన్‌కి సిద్ధమవుతున్నారు. చిట్టితల్లి టేపుని లైటు కింద పెట్టి చూస్తోంది. అద్దం అవతల రాచెల్ గారు చేతులు కడుగుతున్నారు. ఒకప్పుడు నాయనమ్మ ఎత్తు మీంచి నీళ్ళు పోసింది దయావతమ్మ గారి చేతుల మీద. ఇవి ఆ చేతులు కావు గాని, ఆ చేతులే. ఇప్పుడవి తమంతట తామే ఎత్తుకుని, ఎవరికీ తగలకుండా, ఎవరో తెలియని మనిషి కోసం లోపలికి వస్తున్నాయి.

ఆయన వేలు అలవాటుగా లేచింది. గుమ్మాన్ని తాకి కళ్ళకద్దుకుందామని ముందుకెళ్ళింది. కాళ్ళ వైపు చూసుకున్నాడు. బొటనవేళ్ళు ఎర్ర గీతకి ఇవతలే ఉన్నాయి. వేలు గాలిలోనే ఆగింది. రెండో చెయ్యి వచ్చి దాన్ని కలుసుకుంది. రెండు అరచేతులూ ఒకదాన్నొకటి తప్ప లోకంలో దేన్నీ ముట్టుకోకుండా, మొహం ముందు నిలబడ్డాయి. లోపలికొస్తున్న రాచెల్ గారి చేతులు కూడా సరిగ్గా అంత ఎత్తులోనే ఉన్నాయి.

ఆవిడ చూడలేదు. చూడాల్సింది ఆయన్ని కాదు.